రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్‌లో కార్తీక వనభోజనాలు: ఏ యూనిట్ మంచిది? దీపాలు వదలొచ్చా?

చందు_ఫ్రిస్కో | సెప్టెంబరు 14, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈసారి కార్తీకంలో ఐదు కుటుంబాలం కలిసి వనభోజనాలకు వెళ్దామనుకుంటున్నాం. పిల్లలతో కలిపి పాతికమంది దాకా తేలతాం. మా అమ్మానాన్న, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ వాళ్ళ పెద్దవాళ్ళు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. ప్రతి ఏడాదీ సిటీ పార్కులో షెల్టర్ తీసుకుని కానిచ్చేస్తున్నాం. పక్కనే టోల్ రోడ్డు హోరు. "చెట్టూ లేదు, నీళ్ళూ లేవు, ఇదేం వనభోజనంరా" అని అమ్మ పోయినసారే అనేసింది.

టెక్సస్‌లోనే, డాలస్‌కు ఉత్తరాన పైలట్ పాయింట్ అనే ఊరి దగ్గర రే రాబర్ట్స్ అని చాలామంది చెబుతున్నారు. వెబ్‌సైట్ చూస్తే రెండు మూడు యూనిట్లు కనిపిస్తున్నాయి. పెద్దవాళ్ళకు ఏది వీలు? వంట అక్కడే చేసుకోవచ్చా? బాత్రూములు ఎలా ఉంటాయి? ఇంకోటి, సాయంత్రం చెరువులో దీపాలు వదలాలని ఆడవాళ్ళ కోరిక. ఎవరైనా చేశారా?

డెంటన్_లక్ష్మి | సెప్టెంబరు 14, రాత్రి 10:03

చందు గారూ, మేం డెంటన్‌లోనే ఉంటాం కాబట్టి ఇది మాకు ఇంటి పక్క పార్కు కింద లెక్క. వివరంగా చెబుతాను.

మీరు పట్టించుకోవాల్సిన యూనిట్లు రెండు. దక్షిణం వైపు ఐల్ డు బోయిస్, ఉత్తరం వైపు జాన్సన్ బ్రాంచ్. పేరుకు ఒకే పార్కు, కానీ మధ్యలో చెరువు ఉంది, గేట్లు వేరు. ఒకదాన్నుంచి ఇంకోదానికి చుట్టూ తిరిగి కారులో వెళ్ళాలి. కాబట్టి వాట్సాప్‌లో "రే రాబర్ట్స్ స్టేట్ పార్క్" అని మాత్రం పెట్టకండి. సగం మంది ఒక గేటు దగ్గర, సాంబారు గిన్నె ఇంకో గేటు దగ్గర ఉంటుంది. యూనిట్ పేరుతో సహా లొకేషన్ పిన్ పంపండి.

ఫ్రిస్కో నుంచి ఐల్ డు బోయిస్ దగ్గర. ఈత కొట్టే ఇసుక తీరం, పిక్నిక్ బల్లలు, గ్రిల్స్, పిల్లల ఆటస్థలం, బోటు దింపే ర్యాంపు, చేపలు పట్టే పియర్ అన్నీ ఉన్నాయి. పెద్దవాళ్ళకు అసలైన సుఖం అక్కడున్న పేవ్ చేసిన ట్రెయిల్. రాళ్ళూ వేళ్ళూ తగలకుండా చెట్ల కింద నడవొచ్చు, స్ట్రోలర్ కూడా వెళ్తుంది. చెట్లంటే మన మామిడితోపులా దట్టమైన నీడ ఊహించుకోకండి. ఇది క్రాస్ టింబర్స్ అనే నేల, పోస్ట్ ఓక్, బ్లాక్‌జాక్ ఓక్ ఎక్కువ. నవంబరులో ఆకులు రంగు తిరిగి చూడ్డానికి బావుంటుంది.

జాన్సన్ బ్రాంచ్ ఐ-35 మీదుగా వ్యాలీ వ్యూ వైపు వెళ్ళాలి. అక్కడా తీరం ఉంది. పిల్లలు చేపలు పట్టుకోవడానికి విడిగా చిన్న కుంట ఉంది, మౌంటెన్ బైకులవాళ్ళకు డోర్బా అనే డాలస్ సైక్లింగ్ సంఘం వాలంటీర్లు చూసుకునే ట్రెయిల్ ఉంది. నా లెక్కలో కాస్త ప్రశాంతం. మీకైతే ఐల్ డు బోయిసే చెబుతాను, పెద్దవాళ్ళను అంత దూరం తిప్పనక్కర్లేదు.

పాతికమందికి విడి బల్లలు చాలవు. గ్రూప్ పెవిలియన్ ముందే రిజర్వ్ చేసుకోండి, పైకప్పు ఉంటుంది. దానికి అద్దె వేరు, మనిషికి ప్రవేశ రుసుము వేరు. రుసుము రోజుకు 7 డాలర్లు, 12 ఏళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలకు లేదు.

ఓరుగల్లు_రవి | సెప్టెంబరు 14, రాత్రి 10:20

శని ఆదివారాలైతే డే పాస్ కూడా ముందే బుక్ చేయాలె. గేటు దగ్గర "పార్కు నిండిపోయింది" అని వెనక్కి పంపుతున్నరు. యాన్యువల్ పాస్ ఉన్నా సరే, బుకింగ్ లేకపోతే రద్దీ రోజుల్లో లోపలికి గ్యారంటీ లేదు. ఆ పాస్ కూడా మీరు, మీ కారులో ఉన్నవాళ్ళ వరకే. ఐదు కార్లకు ఒక పాస్ చూపిస్తే నడవదు.

సంధ్య_ప్లానో | సెప్టెంబరు 14, రాత్రి 11:41

బాత్రూముల సంగతి ఎవరూ రాయలేదేంటి? పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు మొదటి ప్రశ్న అదే కదా. ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి, కరెంటు, నీళ్ళు ఉండే క్యాంపింగ్ వైపు స్నానాల గదులు కూడా ఉన్నాయి. కానీ చెంబు ఉండదు కాబట్టి ఒక ఖాళీ బాటిల్, హ్యాండ్ సోప్ మీరే పట్టుకెళ్ళండి. పెవిలియన్ బుక్ చేసేటప్పుడు మ్యాపులో బాత్రూం ఎంత దూరమో చూసుకోండి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడకు చెరువు అందం కంటే అదే ముఖ్యం :)

భీమవరం_బుజ్జి | సెప్టెంబరు 15, ఉదయం 7:30

అన్నయ్యా, దీపాలకు పర్మిషన్ ఏంటి? అరటి దొప్పలో ఆవునేతి వత్తి పెట్టి నీళ్ళలో వదిలితే పది నిమిషాల్లో ఆరిపోతుంది, దొప్ప కుళ్ళిపోతుంది. గోదావరిలో లక్షలమంది వదలట్లేదా? చీకటి పడ్డాక ఓ మూలకి వెళ్ళి వదిలేసి రండి. ఎవడు చూస్తాడు.

కయాక్_శీను | సెప్టెంబరు 15, ఉదయం 8:15

బుజ్జి గారూ, నేను చూస్తాను. ఆదివారం పొద్దున్నే ఆ చెరువులో కయాక్ వేసుకు తిరిగేవాళ్ళమందరం చూస్తాం. అరటి దొప్ప దొరక్క జనం వాడేది ప్లాస్టిక్ కప్పులు, అల్యూమినియం రేకు కట్టిన టీ లైట్లు. సాయంత్రం గాలి దక్షిణం నుంచి కొడితే అవన్నీ ఏదో ఒక పాయలోకి కొట్టుకెళ్ళి ఎండు చెట్ల మధ్య ఇరుక్కుంటాయి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, ఇది నది కాదు. ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ పాయ మీద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ ఆనకట్ట కడితే 1987లో నిండడం మొదలైన రిజర్వాయర్. డాలస్, డెంటన్ నగరాలకు తాగునీళ్ళు ఇందులోంచి కూడా వెళ్తాయి. ముంపులో ఉన్న చెట్లను చాలాచోట్ల అలాగే వదిలేశారు, అందుకే నీళ్ళలో మోడులు నిలబడి కనిపిస్తాయి. చేపలకు అవి మంచి చోటు, చెత్తకు కూడా. ప్రవాహం లేదు కాబట్టి మీరు వదిలింది ఎక్కడికీ పోదు.

భీమవరం_బుజ్జి | సెప్టెంబరు 15, ఉదయం 8:52

అదే చెరువులో మోటారు బోట్లు పెట్రోలు కక్కుకుంటూ తిరగొచ్చు, మన వత్తి దగ్గరే గుర్తొచ్చాయా తాగునీళ్ళు?

కయాక్_శీను | సెప్టెంబరు 15, ఉదయం 9:05

బోటుకు రిజిస్ట్రేషన్ ఉంది, రుసుము ఉంది, తప్పు చేస్తే గేమ్ వార్డెన్ ఫైన్ రాస్తాడు. బోట్లు మంచివని నేననలేదు. ఒకడు పాడు చేస్తున్నాడు కాబట్టి మనమూ ఓ చెయ్యి వేద్దామంటే మాత్రం ఒప్పుకోను.

గోదారి_గట్టు | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 12:18

ఇద్దరూ కాస్త ఆగండి. మా అమ్మది రాజమండ్రి. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మనిషి, పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాక ముప్పై ఏళ్ళు పెరట్లో తులసికోట ముందు గంగాళంలో నీళ్ళు పోసి దాంట్లోనే దీపాలు వదిలింది. నది దగ్గర లేనివాళ్ళందరూ చేసేదే ఇది. పెవిలియన్ బల్ల మీద వెడల్పాటి స్టీలు బేసిన్ పెట్టండి, కొళాయి నీళ్ళు పోయండి, పసుపు కుంకుమ పూలు వేయండి, ఒక్కొక్కరూ ఒక్కో దీపం వదలండి. అయిపోయాక మొత్తం సంచిలో వేసుకుని ఇంటికి. చెరువు ఎదురుగానే ఉంటుంది, దణ్ణం పెట్టుకోవడానికి ఎవరూ అడ్డం రారు.

365 వత్తుల కట్ట సంగతి వేరు. అది వెలిగిస్తే మంట జానెడు లేస్తుంది. పార్కు డెంటన్, కుక్, గ్రేసన్ కౌంటీల్లో పరుచుకుని ఉంది. వర్షాలు లేని ఏడు కౌంటీవాళ్ళు బర్న్ బ్యాన్ పెడితే కట్టెలు, బొగ్గులు సాధారణంగా ముట్టించనివ్వరు. ఆ వారం పార్కు ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. "చిన్న నూనె దీపాలు, పైకప్పు కింద బల్ల మీద" అని స్పష్టంగా చెబితే వాళ్ళూ స్పష్టంగా చెబుతారు. పూజ, సంప్రదాయం అని మొదలుపెట్టక్కర్లేదు. వాళ్ళకు కావాల్సింది మంట ఎంత, ఎక్కడ అనేదే.

చందు_ఫ్రిస్కో | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1:02

గంగాళం ఐడియా అమ్మకు చెప్పాను. "మీ నాయనమ్మ కూడా అలాగే చేసేది, నువ్వు అడిగితే కదా" అంది. సో అది సెటిల్ అయినట్టే. మరి వంట?

బిర్యానీ_బాషా | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1:30

గ్యాస్ స్టవ్ పట్టుకెళ్ళండి భాయ్. మామూలు రోజుల్లో అక్కడి గ్రిల్‌లో బొగ్గు వేసుకోవచ్చు. బర్న్ బ్యాన్ ఉన్నా గ్యాస్ స్టవ్‌కు సాధారణంగా అడ్డు చెప్పరు, అయినా అడిగి వెళ్ళండి. చెట్ల కింద పడ్డ ఎండుకొమ్మలు ఏరి పొయ్యి పెడదామనుకునేరు, స్టేట్ పార్కుల్లో కట్టెలు ఏరడం నిషేధం.

నా సలహా అడిగితే అక్కడ వంట పెట్టుకోకండి. నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదున్నరకే చీకటి. పొద్దున పదింటికి చేరి, పాతికమందికి అన్నం వార్చేసరికి మూడవుతుంది. పులిహోర, దద్దోజనం, గోంగూర పప్పు ఇంట్లోనే చేసి తెచ్చుకోండి. అక్కడ మిరపకాయ బజ్జీలు మాత్రం వేడివేడిగా వేయండి. కార్తీకం కాబట్టి నా బిర్యానీ గురించి ఈసారికి మాట్లాడను.

ఓరుగల్లు_రవి | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 2:11

కూలర్ల బీర్లు పెట్టుకుపోయే బావలకు కూడా ఒక మాట. టెక్సస్ స్టేట్ పార్కుల్లో బహిరంగంగ మందు తాగుడు, చూపించుడు రెండూ నిషేధమే. కార్తీకమని కాదు, ఎప్పుడైనా అంతే.

ఈతరాని_మూర్తి | సెప్టెంబరు 15, సాయంత్రం 6:40

పిల్లలున్నారంటున్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నా. అక్టోబరు చివర్లో కూడా డాలస్‌లో ఒక్కోరోజు ఎండ చిటపటలాడుతుంది, పిల్లలు నీళ్ళలోకి దిగుతారు. ఆ తీరంలో లైఫ్‌గార్డులు ఉండరు. బోర్డు పెట్టి ఉంటుంది, మనవాళ్ళు దాని పక్కనే నిలబడి ఫొటో దిగుతారు.

చెరువు అడుగు స్విమ్మింగ్ పూల్ లాంటిది కాదు. మోకాలి లోతని నడుస్తూ ఉండగానే ఒక్కసారిగా లోతు రావొచ్చు. నీళ్ళు మసకగా ఉంటాయి, మునిగిన మనిషి పై నుంచి కనపడడు. అమెరికా వచ్చిన మన కుర్రాళ్ళు చెరువుల్లో మునిగిపోయారన్న వార్త వేసవి వస్తే చాలు వింటూనే ఉన్నాం. వాళ్ళలో ఎక్కువమంది సరదాగా నాలుగడుగులు వేద్దామని దిగినవాళ్ళే. అమెజాన్‌లో కొన్న గాలి రింగులు, చేతులకు తొడిగే బుడగలు ఆటవస్తువులు. కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర ఉన్న లైఫ్ జాకెట్, పిల్లల బరువుకు సరిపడేది తొడగండి. బోటు లేదా కయాక్ ఎక్కితే 13 ఏళ్ళ లోపువాళ్ళు కదులుతున్నంతసేపూ తొడుక్కునే ఉండాలని టెక్సస్ చట్టమే చెబుతోంది. పెద్దలకు తొడుక్కునే నిబంధన లేదు, మనిషికొకటి బోటులో ఉంటే చాలు. ఈత రానివాళ్ళు ఆ తేడా వెతుక్కోకుండా తొడుక్కుంటే మంచిది.

చీరలు, కాటన్ చుడీదార్లు తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి. పాదాలు తడుపుకుంటామని దిగే ఆంటీలకు ఎవరైనా చెప్పండి.

ఇంకో పని. గంటకో పెద్దమనిషికి డ్యూటీ వేయండి, ఫోన్ ముట్టకూడదు, పేకాడకూడదు, పిల్లల్నే చూడాలి. "అందరం చూస్తున్నాం కదా" అంటే ఎవరూ చూడట్లేదని.

సంధ్య_ప్లానో | సెప్టెంబరు 15, రాత్రి 7:25

మా అమ్మ యూట్యూబ్‌లో కేరళ వార్తలు చూసి "మెదడు తినే అమీబా ఉంటుంది, పిల్లల్ని చెరువులో దింపకు" అని ఒకటే టెన్షన్. టెక్సస్‌లో కూడా ఉందా అది?

ఈతరాని_మూర్తి | సెప్టెంబరు 15, రాత్రి 7:58

ఉంటుందండి, వెచ్చటి మంచినీళ్ళలో ఎక్కడైనా ఉండొచ్చు. కానీ జబ్బు రావడం చాలా చాలా అరుదు. ముక్కులోకి నీళ్ళు బలంగా వెళ్తేనే ప్రమాదం, మింగితే రాదు. వేసవి మధ్యలో నీళ్ళు బాగా వేడెక్కినప్పుడు జాగ్రత్త పడాలి. పిల్లలకు ముక్కు క్లిప్పు పెట్టండి, తల ముంచి దూకొద్దనండి, అడుగు బురద కెలకొద్దనండి. అమ్మగారికి ఇది చెప్పండి, కానీ మునిగిపోవడమే అసలు భయం అని కూడా చెప్పండి.

కయాక్_శీను | సెప్టెంబరు 15, రాత్రి 9:10

కాళ్ళకు నీళ్ళ చెప్పులు తప్పనిసరి. జీబ్రా మసెల్స్ అని వేలిగోరంత గుల్లలు, బ్లేడులా కోస్తాయి. టెక్సస్‌లో మొదట 2009లో టెక్సోమా చెరువులో దొరికాయి, 2012కల్లా రే రాబర్ట్స్‌లోకి వచ్చేశాయి. రాళ్ళకు, పియర్ స్తంభాలకు, మోడులకు అతుక్కుని ఉంటాయి. అందుకే ఇక్కడ బోటు బయటికి తీయగానే లోపలి నీళ్ళన్నీ అక్కడే వంపేయాలని చట్టం. గాలి ఊది వాడే కయాక్ అయినా సరే, తుడిచి, ఆరబెట్టాకే ఇంకో చెరువులో వేయండి. కంటికి కనపడని పిల్ల గుల్లలు ఆ తడిలోనే ప్రయాణిస్తాయి.

కయాక్ వేయాలనుకుంటే పొద్దున్నే వేయండి. మధ్యాహ్నానికి గాలి లేస్తే పెద్ద నీళ్ళలో అలలు బాగానే ఉంటాయి. పాయల్లోనే తిరగండి. నీటిమట్టం తగ్గినప్పుడు మోడులు పైకి కనపడకుండా అర అడుగు లోతులో ఉంటాయి.

నెల్లూరు_చేప | సెప్టెంబరు 15, రాత్రి 10:30

చేపల గురించి ఒక్కరూ పూర్తిగా రాయలేదు, ఏం ఫోరం అయ్యా ఇది. టెక్సస్ స్టేట్ పార్కులో ఒడ్డు మీద నుంచి గానీ పియర్ మీద నుంచి గానీ పడితే ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు! ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు కూడా పట్టొచ్చు. బోటెక్కితే మాత్రం కావాలి. లైసెన్స్ లేకపోయినా ఎన్ని పట్టాలి, ఎంత పొడవుండాలి అనే లెక్కలు వర్తిస్తాయి, స్కేలు పెట్టుకోండి. లార్జ్‌మౌత్ బాస్, క్రాపీ, వైట్ బాస్, క్యాట్‌ఫిష్ ఉంటాయి. మోడుల దగ్గర క్రాపీ బాగా పడుతుంది. ఐల్ డు బోయిస్‌లో చేపలు శుభ్రం చేసుకునే చోటు కూడా ఉంది, బల్లల దగ్గర కోయకండి. గాలం లేనివాళ్ళకు చాలా పార్కుల్లో ఆఫీసులోనే అరువిస్తారు, అడిగి చూడండి.

కార్తీకంలో పట్టి వదిలేయడమే అనుకోండి.

అట్లాంటా_అల్లుడు | సెప్టెంబరు 16, ఉదయం 6:50

నేను పోయిన ఏడాది మీ డాలస్ వచ్చినప్పుడు ఒక తెలుగు గుంపు పిక్నిక్‌కు వెళ్ళాను, పార్కు పేరు వద్దులెండి. రెండు పెద్ద స్పీకర్లు, మైకు, అంత్యాక్షరి. పక్క బల్ల మీద ఒక ముసలి దంపతులు పుస్తకాలు సర్దుకుని లేచి వెళ్ళిపోయారు. మనవాళ్ళకి పబ్లిక్ స్థలంలో ఉండడం ఎప్పటికి వస్తుందో.

ఓరుగల్లు_రవి | సెప్టెంబరు 16, ఉదయం 7:34

మనవాళ్ళే అంటే ఎట్లన్నా? మెమోరియల్ డే నాడు పోయి చూడు, ప్రతి బల్ల మీద ఒక స్పీకర్ ఉంటది. సౌండ్ పక్క బల్లకు వినపడొద్దన్న మాట మాత్రం కరెక్టే. పాట మా గుంపుకే కదా.

డెంటన్_లక్ష్మి | సెప్టెంబరు 16, ఉదయం 9:00

అంత్యాక్షరికి మైకు ఎందుకండీ, అసలు గొంతులు చాలవా :) రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలనే నియమం ఎలాగూ ఉంది, రాత్రి ఉండేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. చెత్త విషయంలో మాత్రం కొంచెం గట్టిగానే చెబుతాను. విస్తరాకులు మట్టిలో కలిసిపోతాయని చెట్టు కింద వదిలేసిన పెద్దలున్నారు. అన్నం మెతుకులకు రకూన్లు వస్తాయి, అడవి పందులూ వస్తాయి. మూత గట్టిగా పడే డబ్బాలు తీసుకెళ్ళి, పెద్ద డంప్‌స్టర్‌లోనే వేయండి.

ఇంకో రెండు. మూడాకుల తీగ కనిపిస్తే ముట్టుకోవద్దు, పాయిజన్ ఐవీ. పత్రి కోయాలని అమ్మమ్మలు చెట్లలోకి వెళ్ళకుండా చూడండి, కోయడమూ తప్పే, దురదా తప్పదు. గడ్డిలో తిరిగాక ఒంటి మీద టిక్స్ చూసుకోండి.

పిట్టలదొర | సెప్టెంబరు 16, సాయంత్రం 4:45

ఉసిరి చెట్టు లేని వనభోజనం చెల్లుతుందా అని మా నాన్న అడుగుతున్నారు. సమాధానం?

గోదారి_గట్టు | సెప్టెంబరు 16, సాయంత్రం 5:20

మా గ్యారేజీలో కుండీలో ఉసిరి మొక్క ఉంది, నడుమెత్తు. డాలస్ చలికి బయట బతకదు, అందుకే కుండీ. కారు వెనక సీట్లో బెల్టు పెట్టి తీసుకెళ్తాం. బల్ల పక్కన పెట్టి పూజ చేసి మళ్ళీ ఇంటికి తెచ్చేస్తాం. చందు గారూ, మీ తేదీ మా తేదీ ఒకటి కాకపోతే అరువిస్తాను. నీళ్ళు తక్కువ పోయండి, అంతే షరతు.

చందు_ఫ్రిస్కో | సెప్టెంబరు 16, రాత్రి 8:48

గట్టు గారూ, మీ మొక్క కోసం డేట్ మార్చమన్నా మారుస్తాను! పెవిలియన్ కోసం ఇవాళ చూశాను, మేం అనుకున్న శనివారం ఖాళీ లేదు, ఆదివారం ఉంది, తీసేసుకున్నాం. రెండు కుటుంబాలు ముందు రోజు రాత్రి టెంట్ వేద్దామంటున్నాయి, ఒకే సైట్‌లో పదిమంది పడతారా?

డెంటన్_లక్ష్మి | సెప్టెంబరు 16, రాత్రి 9:15

ఒక సైట్‌కు 8 మందే. రెండు తీసుకోండి. రాత్రి ఉండే సైట్లు ఐదు నెలల ముందు నుంచే బుక్ చేసుకోనిస్తారు కాబట్టి నీళ్ళు, కరెంటు ఉన్నవి ఈపాటికి అయిపోయి ఉండొచ్చు. రోజూ ఒకసారి చూస్తుండండి, క్యాన్సిల్ అయినవి వస్తుంటాయి. కొద్దిదూరం సామాను మోసుకుని నడిచి వెళ్ళే వాక్-ఇన్ సైట్లు కాస్త తేలిగ్గా దొరుకుతాయి, కుర్రకారుకు అవే బావుంటాయి.

వెళ్ళే ముందు రోజు పార్కు పేజీలో అలర్ట్స్ చూడండి. శీతాకాలంలో టెక్సస్‌లో కొన్ని స్టేట్ పార్కులను వేట కోసం కొన్ని రోజులు మూస్తారు. గట్టి వానలు పడితే ఈ చెరువు పెరిగి ట్రెయిళ్ళు, ఒక్కోసారి తీరం కూడా మునుగుతాయి. ఇది వరద ఆపడానికి కూడా కట్టిన చెరువు మరి, 2015లో అలాగే పొంగింది.

కొత్తగా_వచ్చా_ఇర్వింగ్ | సెప్టెంబరు 17, ఉదయం 10:05

మా నాన్నగారికి 70 ఏళ్ళు, విజిటర్ వీసా మీద వచ్చారు. సీనియర్లకు రుసుములో తగ్గింపు ఉందని విన్నాను, వస్తుందా?

ఓరుగల్లు_రవి | సెప్టెంబరు 17, ఉదయం 10:31

రాదు. పార్క్‌ల్యాండ్స్ పాస్‌పోర్ట్ అంటరు దాన్ని, సీనియర్ల తగ్గింపు 65 నిండిన టెక్సస్ నివాసులకు మాత్రమే. మీ యాన్యువల్ పాస్ ఉంటే నాన్నను మీ కారులనే కూర్చోబెట్టుకోండి, ఆయన రుసుము అందులనే పోతది.